అప్పు కాగితం: కొండ మీద, కొండ దిగువన

1879లో రంప తిరుగుబాటు ఎందుకు వచ్చిందంటే మన్సబుదారు దౌర్జన్యం, కల్లు మీద పన్ను, పోలీసుల మామూళ్లు అని చదువుకుంటాం. అప్పులు కూడా ఒక కారణమని తక్కువమంది చెబుతారు. పల్లం నుంచి వచ్చిన వర్తకులు కొండవాళ్ల చేత ఒప్పందాలు రాయించుకునేవారు. గడువు దాటితే మైదానంలోని కోర్టులో దావా వేసేవారు. కోర్టు ఎక్కడుందో, వాయిదా ఎప్పుడో తెలియక మన పెద్దలు వెళ్లేవారు కాదు. డిక్రీ ఏకపక్షంగా వచ్చేది. ఆ కాగితం చూపించి పశువులను తోలుకుపోయేవారు, గింజలు ఎత్తుకుపోయేవారు. అయిదు రూపాయల డిక్రీకి వంద రూపాయల సొత్తు పోయిందన్న మాట అప్పటి రికార్డుల్లోనే ఉంది. ఆ తిరుగుబాటు మన గొలుగొండ కొండలకూ పాకింది.

విశాఖ మన్యంలో దీనికి తోడు గోతి పద్ధతి ఉండేది. కొద్దిపాటి అప్పుకు మనిషే తాకట్టు. చేసిన చాకిరీ అంతా వడ్డీ కిందకు పోయేది, అసలు తరిగేది కాదు. తండ్రి పోతే కొడుకు ఆ పనిలోకి దిగేవాడు. లెక్క మాత్రం షావుకారి దగ్గరే ఉండేది.

చట్టాలు ఆలస్యంగా వచ్చాయి. 1917 ఏజెన్సీ చట్టం కొండజాతుల అప్పు మీద వడ్డీ ఏడాదికి నూటికి 24 దాటకూడదంది. చక్రవడ్డీ కూడదంది. మొత్తం వడ్డీ అసలును మించకూడదంది. 1940లో మద్రాసు ప్రభుత్వం అప్పు వెట్టిని కట్టడి చేస్తూ నిబంధన తెచ్చింది. 1960లో ఆంధ్రప్రదేశ్ షెడ్యూల్డు ప్రాంతాల్లో వడ్డీ వ్యాపారానికి లైసెన్సు తప్పనిసరి చేసింది. 1976లో వెట్టిచాకిరీ రద్దు చట్టం దేశమంతటా వెట్టి అప్పులను కొట్టేసింది.

అయితే 1960 నాటి నిబంధన షెడ్యూల్డు ప్రాంతం వరకే. ఘాట్ దిగి కశింకోట, అనకాపల్లి వైపు కూలికి వచ్చిన మనవాళ్లకు అది వర్తించదు. చెరకు నరికే చోట, బెల్లం వండే చోట అడ్వాన్సు తీసుకున్నవాళ్లు ఆ రక్షణను కొండ మీదే వదిలి వస్తున్నారు. అందుకని ఇక్కడ పనికొచ్చే చట్టాలు మనకు తెలిసి ఉండాలి.

మొదటిది కాలదోషం. మామూలు ప్రోనోటు మీద దావా వేయడానికి గడువు మూడేళ్లు. అందుకే గడువు దగ్గరపడగానే మనిషి వస్తాడు. "పది రూపాయలైనా ఇవ్వు, నోటు వెనక చెల్లు వేసి వేలిముద్ర పెట్టు, పెద్దాయన ఊరుకుంటాడు" అంటాడు. ఆ వేలిముద్రతో గడువు మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది. గడువు దాటాక నోటు తిరగరాసి ఇచ్చినా చచ్చిన అప్పు లేచి కూర్చుంటుంది. న్యాయమైన అప్పు తీర్చడం మన పెద్దల నుంచి వచ్చిన మర్యాదే. తీర్చేటప్పుడు రసీదు అడగడం, లెక్క తెలియకుండా వేలిముద్ర పెట్టకపోవడం ఆ మర్యాదకు లోటు కాదు.

రెండోది బెదిరింపు. 2010లో మన రాష్ట్రంలో సూక్ష్మ రుణ సంస్థల వసూళ్ల ఒత్తిడికి మహిళలు ప్రాణాలు తీసుకున్నారన్న వార్తల మధ్య ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది, మరుసటి ఏడాది అది చట్టమైంది. రిజర్వు బ్యాంకు కింద ఉన్న సంస్థల వసూలు మనుషులు ఉదయం 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత ఫోన్ చేయకూడదు. తిట్టకూడదు, బంధువుల ముందు పరువు తీయకూడదు. కేవలం అప్పు కట్టలేదన్న కారణంతో పోలీసులు అరెస్టు చేయలేరు. ఫోన్‌లో "వారెంటు వచ్చింది" అని బెదిరించి డబ్బు గుంజాలని చూస్తే 1930కి చెప్పవచ్చు.

కోర్టు నుంచి నిజంగా సమన్లు వస్తే మాత్రం పక్కన పడేయకూడదు. 1879 నాటి ఏకపక్ష డిక్రీ ఈనాటికీ వస్తుంది. షెడ్యూల్డు తెగలవారికి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును ఇవ్వాలని 1987 చట్టం చెబుతోంది. ఆ సాయానికి నంబరు 15100. మన పెద్దలకు ఆ రోజు వాయిదా తేదీ చెప్పేవాళ్లు లేరు. ఈ రోజు మన వాడలో చదువుకున్న పిల్లలున్నారు. కాగితం ముందు వాళ్ల చేతికి ఇద్దాం, వేలిముద్ర సంగతి ఆ తర్వాత చూద్దాం.