వానకోసం చదివిన పుస్తకాలు

వానలు వెనుకాడిన యేట విరాటపర్వం చదివించే ఆచారం మన పల్లెలలో చిరకాలంగా ఉన్నది. పండితుడు పద్యం చదివి అర్థం చెబుతూ ఉంటే, ఊరివారు కథ వింటూ, నడుమనడుమ ఆకాశం వంక చూస్తూ కూర్చొనేవారు. పుస్తకానికీ వానకూ సంబంధం ఉన్నదని నమ్మిన జాతి మనది. కళ్యాణదుర్గం వంటి మెట్టసీమలో ఆ నమ్మకానికి కారణం వెదకనక్కరలేదు. నైరుతి మేఘాలను పడమటి కనుమలు ముందే పిండుకొంటవి. తూర్పుతీరపు వాన ఇంతదూరం వచ్చేసరికి అలసిపోతుంది. అనంతపురం జిల్లాలో ఏడాది మొత్తానికి కురిసే వాన సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ మాత్రమే. అదియైనా వేరుసెనగ ఊడలు దిగే వేళకు మొగం చాటువేయడం కద్దు.

ఈ సీమను తలచుకొంటూ ఇటీవల రెండు వైజ్ఞానిక కల్పనా నవలలు చదివినాను. రెండూ అమెరికా రచయితలవే. అయినా పరదేశపు కథలు చదువుతున్నానని తోచలేదు.

మొదటిది ఫ్రాంక్ హెర్బర్ట్ 1965లో ప్రకటించిన 'డ్యూన్'. అందులోని గ్రహమంతా ఎడారి. అక్కడివారు చెమటను సైతం తిరిగి మంచినీరుగా మార్చే దుస్తులు ధరిస్తారు. చనిపోయినవానికోసం ఒకడు కంటతడి పెడితే, మృతునికి నీటిని దానం చేసినాడని చుట్టూ ఉన్నవారు విస్తుపోతారు. కడవనీటికి మైళ్లు నడిచిన ఇల్లాలికి ఈ ఘట్టం విడమరచి చెప్పవలసిన పని లేదు.

ఈ కల్పనకు మూలం నిజమైన ఇసుకలోనే ఉన్నది. 1957 ప్రాంతంలో ఆరెగాన్ రాష్ట్రపు సముద్రతీరాన, ఫ్లారెన్స్ పట్టణం దగ్గర, ఇసుకదిబ్బలు బాటలపైకి, ఇండ్లపైకి జరిగి వస్తూ ఉండగా, ప్రభుత్వ వ్యవసాయ శాఖవారు గడ్డి నాటి వాటిని నిలువరించే పని సాగించినారు. పత్రికకు వ్యాసం వ్రాయదలచి హెర్బర్ట్ అక్కడికి పోయినాడు. వ్యాసం పూర్తి కాలేదు, నవల పుట్టినది. దానిని ఆయన మెట్టభూముల స్వభావాన్ని పరిశోధించేవారికి అంకితమిచ్చినాడు.

అట్టి ఇసుక మన జిల్లాలోనూ ఉన్నది. కళ్యాణదుర్గానికి వాయవ్యంగా, కణేకల్లు, బొమ్మనహాళ్ ప్రాంతాలలో, వేదవతీనది ఎండిన గర్భం నుండి లేచిన ఇసుకను నైరుతి గాలి పొలాలపైకి మోసుకొనిపోతుంది. గోవిందవాడ, దర్గాహొన్నూరు గ్రామాలవారికి ఆ దిబ్బలు నవలలోని వర్ణనలు కావు. పైరును మింగే ప్రత్యక్ష శత్రువులు.

రెండవ గ్రంథం కర్ట్ వానెగట్ 1963లో ప్రకటించిన 'క్యాట్స్ క్రేడిల్'. దీని పూర్వకథ మరింత విచిత్రం. 1946 నవంబరులో జనరల్ ఎలక్ట్రిక్ సంస్థకు చెందిన విన్సెంట్ షేఫర్ విమానం నుండి మేఘంపై ఎండుమంచు, అనగా ఘనీభవించిన బొగ్గుపులుసు వాయువును చల్లి, మంచుపలుకులు రాలేటట్లు చేసినాడు. ఆ నెలలోనే అతని సహచరుడు బెర్నార్డ్ వానెగట్ ఆ పనికి వెండి అయొడైడ్ పనికివచ్చునని కనుగొన్నాడు. సున్న డిగ్రీలకు దిగువన చల్లబడియు గడ్డకట్టని నీటిబిందువులు మేఘంలో ఉంటవి. మంచుపలుకును పోలిన ఈ రేణువు దొరికితే దానిని పట్టుకొని అవి గడ్డకట్టి, బరువెక్కి, క్రిందికి దిగుతవి. ఈ బెర్నార్డ్ తమ్ముడే నవలాకారుడు కర్ట్. అతడూ కొంతకాలం అదే సంస్థ ప్రచారశాఖలో పనిచేసినాడు.

ఆ ప్రయోగశాల పెద్దలలో ఒకడు, నోబెల్ బహుమతి పొందిన ఇర్వింగ్ లాంగ్‌మ్యూర్, నీరు ఎండవేడిమిలోనూ మంచుగా గట్టిపడితే ఎట్లుండునన్న ఊహను హెచ్.జి. వెల్స్‌కు చెప్పినాడట, వెల్స్ దానిని వాడుకొనలేదు. కర్ట్ దానిని చేపట్టినాడు. సైనికుల కాళ్లకు బురద అంటకుండా చేయడానికి పుట్టిన ఒక్క పలుకు, కడకు సముద్రంలో పడి లోకంలోని నీటినంతా గడ్డకట్టిస్తుంది.

ఋష్యశృంగుడు అడుగుపెట్టగానే అంగరాజ్యంలో వాన కురిసినదని రామాయణం చెబుతుంది. అక్కడ ఋషి రాక చాలును. వైజ్ఞానిక కల్పన ఆ రాకతో ఆగదు. వరం ఎట్లు పనిచేసినది, అది ఎవరి చేతిలో పడినది, పిమ్మట ఏమైనదని అడుగుతుంది. ఈ ప్రశ్న మనకు బొత్తిగా క్రొత్త కాదు. భస్మాసురుని కథ విన్నవారమే కదా!

2004 తరువాత కొన్నేండ్లు మన జిల్లా ఆకాశంలోనూ విమానాలు మేఘాలపై రసాయనాలు చల్లినవి. దానిని మేఘమథనమన్నాము. పాలకడలిని చిలికినట్లు మబ్బును చిలుకుతామన్న ఆశ ఆ పేరులోనే ఉన్నది. కాని లేని మేఘాన్ని ఏ రసాయనమూ సృష్టించలేదు. ఉన్న మేఘం కురిసినను, చెరువు పూడి, కాలువ తెగి ఉంటే ఆ నీరు మన పొలంలో నిలువదు.

హెర్బర్ట్ నవలలో ఎడారిని పచ్చగా చేయదలచినవారు గడ్డిపరకతో మొదలుపెట్టి, కొన్ని తరాలు పట్టే పనికి పూనుకొంటారు. తమ కంటికి కనబడని పచ్చదనం కోసం నీటిని బొట్టుబొట్టుగా దాచిపెడతారు. ఆ ఓర్పు మన మెట్టరైతుకు క్రొత్త గుణం కాదు. అతని అనుభవం తెలుగులో ఇట్టి నవలగా రావలెనని నా కోరిక.

విరాటపర్వం విన్న పెద్దలు ఆకాశం వంక చూసినారు. ఈ పుస్తకాలు చదివిన మనం ఆకాశంతోపాటు నేల వంకా చూడడం నేర్చుకొంటే, ఆ పఠనం వృథా కాదు.