సిరొంచ సీమ నీటి పద్దు

ఉగాదినాడు పంచాంగ శ్రవణంలో అయ్యవారు ఆ యేటి వాన ఇన్ని కుంచాలని చెప్పి, అందులో సముద్రానికి ఇంత, కొండలకు ఇంత, నేలకు ఇంత అని భాగాలు పెడతారు. రాష్ట్రాలు నదీజలాలను పంచుకొనేటప్పుడు కూడా ఇటువంటి పంపకమే జరుగుతుంది. అయితే అక్కడ పాత పద్దులు మాట్లాడతాయి. ఫలానా నేల ఇన్నేండ్లుగా ఇంత నీరు వాడుకొన్నదని కాగితం మీద చూపగలిగితే ఆ నీరు నిలుస్తుంది. చూపలేకపోతే అది మిగులు నీరుగా ఇంకొకరి ఖాతాలో జమ పడుతుంది. సిరొంచ సీమతో బంధుత్వమున్న మన కుటుంబాలు ఈ సంగతి తెలుసుకోవడం అవసరమని తోచి ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

వైనగంగ, వార్ధా కలిసి ప్రాణహిత అవుతున్నవి. ప్రాణహిత సిరొంచ పక్కగా వచ్చి కాళేశ్వరం వద్ద గోదావరిలో కలుస్తున్నది. ఈ గట్టువారు ఆ గట్టుకు పిల్లనిచ్చి పిల్లను తెచ్చుకొంటారు గాని, దస్తరాలు మాత్రం వేరు వేరు కచేరీలలో ఉన్నవి. 1860లో నైజాం ప్రభువు ఎడమగట్టు తాలూకాలను ఇంగ్లీషువారికి ఇచ్చివేయగా, సిరొంచ ముఖ్యపట్టణంగా ఎగువ గోదావరి జిల్లా ఏర్పడినది. 1874లో ఆ జిల్లాను తీసివేసి, భద్రాచలం, రేకపల్లి తాలూకాలను మద్రాసు రాజధానిలోను, సిరొంచను చాందా జిల్లాలోను కలిపినారు. 1907లో నూగూరు, ఆల్బాక, చెర్ల కూడ సిరొంచ నుంచి విడిపోయి మద్రాసు క్రిందికి పోయినవి. 1956లో ఈ ప్రాంతం బొంబాయి రాష్ట్రంలోకి, 1960లో మహారాష్ట్రలోకి వచ్చినది. 1982లో గడ్చిరోలి జిల్లా ఏర్పడినది. ఊళ్లు ఉన్నచోటనే ఉన్నవి. దస్తరాల మూటలే కచేరీ నుంచి కచేరీకి ప్రయాణం చేసినవి.

ఆ రోజుల్లో ఇంగ్లీషువారికి ఇక్కడ ముఖ్యంగా కావలసినది పడవదారి. నాగపూరు, బీరారు పత్తిని గోదావరి మీదుగా సముద్రానికి చేర్చవలెనని దుమ్ముగూడెం, ఇంచంపల్లి, దేవల్‌మర్రి వద్దనున్న మూడు అడ్డంకులను దాటించే పనులు తలపెట్టి, 1871లో మానుకొన్నారు. పొలాల నీరు మాత్రం చెరువుల మీదనే ఆధారపడి ఉండినది. చాందా వైపు మాలుగుజారీ చెరువులు, నైజాం వైపు కాకతీయుల నాటి పాఖాల, రామప్ప, లక్నవరం వంటి చెరువులు, వాటి మరమ్మతుకు దశబంధం మాన్యాలు ఉండేవి. మధ్యపరగణాల సెటిల్‌మెంటులో గ్రామాచారాలను ‘వాజిబ్-ఉల్-అర్జ్’ అనే కాగితంలో వ్రాసేవారు. చెరువు నీటిమీద ఎవరికి ఏ హక్కు ఉన్నదో అందులో ఉండేది. 1951లో మాలుగుజారీ రద్దయి చెరువులు సర్కారువైనవి.

ఇక పాత వాడకాన్ని లెక్కగట్టే తీరు వినండి. పారిన ఎకరాలను, పైరుకు కావలసిన నీటి లోతుతో హెచ్చవేయాలి. చెరువు క్రింద 200 ఎకరాల వరి ఉన్నదనుకొందాం. పైరుకాలమంతటికి 4 అడుగుల నీరు పెట్టినట్లు అనుకొంటే, ఎకరం 43,560 చదరపు అడుగులు గనుక, మొత్తం సుమారు మూడున్నర కోట్ల ఘనపుటడుగులు. టి.ఎం.సి. అంటే నూరు కోట్ల ఘనపుటడుగులు. అంటే ఇటువంటి చెరువులు 29 కలిస్తే ఒక టి.ఎం.సి. అవుతుంది. ఒక్క చెరువు పద్దు పోతే ఎవరికీ కనబడదు. ఒక తాలూకా చెరువుల పద్దులు పోతే టి.ఎం.సి.లే పోతవి.

ఇందులో ఇంకొక మెలిక ఉన్నది. మా రైల్వే గూడ్సు ఆఫీసులో ఇండెంటు పెట్టిన వాగన్లు వేరు, లోడు అయినవి వేరు. నీరూ అంతే. తూము నుంచి వదిలినదంతా పైరు త్రాగదు. కొంత ఇంకి, కొంత వాగులో పడి తిరిగి నదికి చేరుతుంది. అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో నీటిహక్కును మరొకరికి మార్చేటప్పుడు, పూర్వం పైరు నిజంగా త్రాగినంత మేరకే మారుస్తారు. క్రిందివాడు ఆధారపడిన తిరుగు నీటిని అమ్ముకోనివ్వరు.

మన దేశంలో బచావత్ ట్రైబ్యునల్ 1973లో కృష్ణానదికి 2,060 టి.ఎం.సి.లు లెక్కగట్టి, 1960 సెప్టెంబరు నాటికి నడుస్తున్న వాడకాలకు ముందుగా రక్షణ ఇచ్చినది. గోదావరి విషయంలో రాష్ట్రాలు తమలో తాము చేసుకొన్న ఒప్పందాలనే 1980 నాటి తీర్పులో చేర్చినది.

పద్దు ఎట్లా చేతులు మారుతుందో కృష్ణలోనే చూడవచ్చును. 2022లో తెలంగాణ ప్రభుత్వం పాలమూరు-రంగారెడ్డి ఎత్తిపోతలకు 90 టి.ఎం.సి.లు కేటాయించినది. అందులో 45.66 చిన్ననీటి వనరుల క్రింద వాడకుండా మిగిలినదని చూపినది. దీనికి ఆంధ్రప్రదేశ్ అభ్యంతరం చెప్పినది. పాలమూరు ఎండిన సీమ, దానికి నీరు అవసరమే. కాని పూడిక పడి, గండ్లు తెగి, చెరువు నిండని సంవత్సరాల లెక్కనే ఆ చెరువు శాశ్వత వాడకమని వ్రాసుకొంటే, రేపు బాగుచేసిన చెరువుకు నీరెక్కడిది? ఏ సంవత్సరాలను లెక్కకు తీసుకోవాలి అన్నదే అసలు తగాదా.

సిరొంచకూ ఈ ప్రశ్న దూరం కాదు. మేడిగడ్డ బరాజుకు 2016 ఆగస్టు 23న రెండు రాష్ట్రాలు ఒప్పందం చేసుకొన్నవి. 2019 జూన్‌లో అది ప్రారంభమైనది. 2023 అక్టోబరులో దాని స్తంభాలు క్రుంగినవి. ఆ నీటి వెనుకతట్టు సిరొంచ తాలూకా పొలాలున్నవి. మునిగే భూమికి ఎకరాల లెక్క వెంటనే వస్తుంది. ఆ భూమి వాడుకొన్న నీటి లెక్క మాత్రం అడిగి పెట్టించుకొన్నవారికే వస్తుంది.

కాబట్టి సోదర సోదరీమణులకు నా మనవి ఇది. ఈ పండుగకు ఊరికి పోయినప్పుడు పెట్టె అడుగున ఉన్న కాగితాలు పారవేయకండి. నీటి తీరువా రశీదులు, పహాణీ నకళ్లు, మహారాష్ట్ర వైపువారైతే పైరు, పారుదల వ్రాసిన పాత సాత్‌బారా ఉతారాలు జాగ్రత్త చేయండి. చెరువు పేరు, తూములెన్ని, ఏ యేడు నిండినది, ఏ యేడు ఎండినది పెద్దలనడిగి తేదీతో వ్రాసుకోండి. తహశీలు కచేరీలో నకలు దొరికితే తీసుకోండి. ఎండిన యేడు కూడ దాచకుండా వ్రాయాలి. రెండూ ఉన్న పద్దునే న్యాయస్థానం నమ్ముతుంది.