తల్లిపాల బాధ్యత ఎవరిది?

బిడ్డకు పాలివ్వడమన్నది క్యాథలిక్ ఆలోచనలో శతాబ్దాల పాటు తల్లి ఒక్కదాని కర్తవ్యంగానే ఉండిపోయింది. కన్నబిడ్డను దాదికి అప్పగించడం చెడు ఆచారమని 601 ప్రాంతంలో గ్రెగరీ పోపు పేరిట ఇంగ్లండుకు వెళ్లిన జవాబుల్లో ఉంది. ఆ దాది కన్న బిడ్డ ఎవరి పాలు తాగాలన్న ప్రశ్న మాత్రం అందులో లేదు. 1941 అక్టోబరులో పన్నెండో పయస్ పోపు కూడా, వీలు కాని పరిస్థితిలో తప్ప తల్లే పాలివ్వాలని తల్లులకే చెప్పారు.

ఈ చూపును మార్చడం మొదలుపెట్టింది కన్యస్త్రీలు. అమెరికాలో ప్రశస్త రక్త సభకు చెందిన సిస్టర్లకు పసిపిల్లల పాలపొడి అమ్మే బ్రిస్టల్-మైయర్స్ కంపెనీలో వాటాలుండేవి. పేద దేశాల్లో ఆ అమ్మకాలు ఎలా సాగుతున్నాయో వాటాదారులకు నిజం చెప్పలేదంటూ 1976లో వాళ్లు ఆ కంపెనీనే కోర్టుకు లాగారు. శుభ్రమైన నీళ్లు లేని ఇంట్లో డబ్బా ఎక్కువ రోజులు రావాలని పొడి పలచగా కలుపుతారు. బిడ్డకు విరేచనాలు పట్టుకుంటాయి. ఈలోగా తల్లికి పాలు ఇంకిపోతాయి. ఇందులో పాపం తల్లిదని ఎలా అంటాం? 1981లో ప్రపంచ ఆరోగ్య సభ ఈ పాలపొడి అమ్మకాలకు నియమావళి తెచ్చింది. మన దేశం 1992లో చట్టమే చేసి పాలపొడి ప్రకటనలను నిషేధించింది.

1995 మేలో రెండో జాన్ పాల్ పోపు పాలివ్వడం గొప్పతనం చెబుతూనే, తల్లికి సమయమూ, సమాజం ఆసరా రెండూ కావాలన్నారు. నా దృష్టిలో అసలైన మలుపు ఇదే.

ఆ సమయం, ఆ ఆసరా మన దగ్గర ఎంత దొరుకుతున్నాయో చూద్దాం. 1988లో ఏర్పడిన ఖమ్మం క్యాథలిక్ మేత్రాసనం పరిధిలో చండ్రుగొండ ఉంది. అక్కడి అడవి అంచు పల్లెల్లో ముర్రుపాలు పట్టమని అంగన్‌వాడీ టీచరు చెబుతుంది. 2015 నుంచి ఆరోగ్యలక్ష్మి పథకం కింద బాలింతకు ఒక పూట భోజనమూ పెడుతున్నారు. కానీ ఎండాకాలం తునికాకు కోతకు వెళ్లే తల్లికి పాలిచ్చే విరామం ఎవరిస్తారు? 1961 ప్రసూతి చట్టం బిడ్డకు 15 నెలలు నిండేదాకా రోజుకు రెండు విరామాలిచ్చింది. కొత్తగూడెం సింగరేణి ఉద్యోగినికి అది హక్కు. ఆకు కోసే కూలితల్లికి కాదు. గుడిలో తల్లిపాల మీద ప్రసంగం చేసే గురువులు ఇకపై ఆ మాట ముందు ఆమె భర్తకు, ఆకు కాంట్రాక్టరుకు చెప్పాలి.