మూడు కాళ్ల సంగతి

"ట్రైపాడ్ ఏది కొనాలి?" అని మా టీమ్‌లో ఎవరైనా అడిగితే నేను ముందు లాలా దీన్ దయాళ్ పేరు చెప్తాను. విసుక్కుంటారు, అయినా చెప్తాను. మెగాపిక్సెళ్ల గురించి గంటలు వాదించుకునే మనవాళ్లు, దాన్ని మోసే కాళ్ల దగ్గరకొచ్చేసరికి మాత్రం అన్నిటికన్నా చవకది వెతుకుతారు మరి!

దీన్ దయాళ్ 1844లో మీరట్ దగ్గర సర్ధనాలో పుట్టాడు. రూర్కీలో ఇంజనీరింగు చదివి ఇండోర్‌లో (మన ఇందూరు కాదండోయ్) సర్కారు కొలువు చేస్తూ ఫొటోల పిచ్చిలో పడ్డాడు. సరదాగా పట్టుకున్నది కాస్తా అసలు ఉద్యోగాన్ని మింగేసిందన్నమాట. 1880ల మధ్యలో హైదరాబాదు చేరి ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్‌కి ఆస్థాన ఫొటోగ్రాఫర్ అయ్యాడు. 1894లో రాజా బిరుదు వచ్చింది.

అప్పట్లో ఫొటో పెద్దది కావాలంటే గాజు ప్లేటూ అంతే పెద్దది కావాలి, కెమెరా దానికి తగ్గ బరువు. నల్లగుడ్డ కింద దూరి, గరుకుటద్దం మీద తలకిందులుగా కనిపించే బొమ్మను ఫోకస్ చేసి, ఆ తర్వాత ప్లేటు పెట్టాలి. ప్లేటు పెట్టాక ఇక ఏమీ కనపడదు! ఈ మధ్యలో స్టాండు వెంట్రుకవాసి జరిగినా అంతా వృథా. ఆయన ప్లేట్లు 2,800కు పైగా ఢిల్లీలో ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రంలో ఉన్నాయి. వాటిలోని స్పష్టతలో సగం వాటా చెక్క కాళ్లదేనని నా లెక్క.

చెక్క అదురుని మింగేస్తుంది. కాలు విరిగితే ఊరి వడ్రంగి చాలు. బాన్సువాడలో నేను చూసిన ఒక పాత స్టూడియో స్టాండుకి సైకిల్ షాపు బోల్టులున్నాయి, రాయిలా నిలబడింది. మన్నిక అంటే నా దృష్టిలో అదే, విప్పి బాగుచేసుకోగలగడం. చవక ట్రైపాడ్‌లో అన్నీ ప్లాస్టిక్ రివెట్లు, ఒకటి ఊడిందా చెత్తబుట్టే.

ఇంకో ముచ్చట. కెమెరా అడుగున ఉండే పావు అంగుళం మర కొలత, 1841లో విట్‌వర్త్ అనే ఇంగ్లీషు ఇంజనీరు ప్రతిపాదించిన ప్రమాణాల్లోంచి వచ్చింది. మన ఏపీఐలు ఐదేళ్లు నిలబడవు, ఆ మర మాత్రం ఇంకా నడుస్తోంది :-)

గిట్జో వాళ్లు 1994లో కార్బన్ ఫైబర్ కాళ్లు తెచ్చాక బరువు తగ్గింది, ధర పెరిగింది. నన్నడిగితే అల్యూమినియం చాలు. ఆలెన్ కీతో విప్పగలగాలి, మూడు కాళ్లూ వేర్వేరు కోణాల్లో తెరుచుకోవాలి, నడిమి గొట్టం ఎత్తకుండానే ఛాతీ దాకా రావాలి. గొట్టం ఎత్తితే అది ఒంటికాలే కదా. 1923-31 మధ్య కట్టిన మన నిజాంసాగర్ కట్ట మీద సాయంత్రం గాలిలో పెట్టి, కింద సంచీ వేలాడదీసి చూడండి, తేడా తెలుస్తుంది. మంజీరా ఇసుకలో దింపితే మాత్రం ఇంటికొచ్చాక లాకులు విప్పి కడగాల్సిందే, నూనె రాయకండి, ఇసుక ఇంకా పట్టేస్తుంది.