ముఅల్లిం ఇబ్న్ మాజిద్

మన పిల్లలకు ఖురాన్ నేర్పే ఉస్తాద్‌ను ముఅల్లిం అంటాం. వెనకటి అరబ్బు జహాజుల మీద ఈ మాటకు ఇంకో అర్థం ఉండేది. సమందర్‌లో దారి చూపే పైలట్‌ను కూడా ముఅల్లిం అనే పిలిచేవారు. సరుకు తాజిర్లది, ప్రాణాలు ముసాఫిర్లవి. రేవు చేరేదాకా రెండూ ముఅల్లిం చేతిలో అమానత్.

వాళ్ళలో మష్హూర్ అయినవాడు అహ్మద్ ఇబ్న్ మాజిద్. ఊరు జుల్ఫార్. మనవాళ్ళు బతుకుదెరువుకు వెళ్తున్న ఎమిరేట్స్‌లోని నేటి రాసల్ ఖైమా అదే. 1490 ప్రాంతంలో ఆయన రాసిన 'కితాబుల్ ఫవాయిద్'లో 12 అధ్యాయాలున్నాయి. నక్షత్రం ఎత్తును వేళ్ళ లెక్కన కొలవడం, ఏ మౌసంలో ఏ గాలి వీస్తుంది, తీరం దగ్గరపడితే కనిపించే పక్షులు, నీటిపాములు, అన్నీ చెప్పాడు. ఇల్మ్ ఒక్కటే చాలదన్నాడు. ముఅల్లింకు సబర్ ఉండాలి, తొందరపాటుకూ చురుకుదనానికీ ఫరక్ తెలియాలి, ఒకరి కోసం ఇంకొకరికి జుల్మ్ చేయకూడదు.

ఆయన తండ్రీ, తాతా ముఅల్లింలే. ఎర్ర సముద్రం దారుల మీద తండ్రి పెద్ద కవిత రాశాడు. కొడుకు దాన్ని అదబ్‌గా తలకెత్తుకున్నాడు, కానీ అక్కడితో ఆగలేదు. దాదాపు నలభై ఏళ్ళ సొంత తజుర్బాతో సరిచూసి, తప్పులు దిద్దాడు. పాత కాలపు ముగ్గురు పేరున్న ముఅల్లింల గురించి కూడా, వాళ్ళు విన్నది కూర్చి రాశారే తప్ప స్వయంగా పరీక్షించి చూడలేదని చెప్పాడు. పెద్దల మాట తప్పయితే మునిగేది జహాజే కదా!

అలాంటి మనిషి మీదే ఓ ఇల్జామ్ పడింది. 1498లో మలిందీ నుంచి కాలికట్‌కు వాస్కో డ గామాకు దారి చూపింది ఇబ్న్ మాజిదేననీ, అదీ తాగిన మత్తులోననీ 16వ శతాబ్దపు మక్కా చరిత్రకారుడు ఖుత్బుద్దీన్ నహ్రవాలీ రాశాడు. తర్వాత ఎన్నో పుస్తకాలు ఆ మాటనే ఎత్తి రాశాయి. పోర్చుగీసు చరిత్రకారులేమో ఆ పైలట్ గుజరాతీ ముసల్మాన్ అన్నారు. ఇబ్న్ మాజిద్ గుజరాతీ కాదు. అందుకే నేటి చరిత్రకారులు చాలామంది ఈ కథను ఒప్పుకోవడం లేదు.

కన్న తండ్రి రాతనే తహ్కీక్ చేయకుండా వదలని మనిషి ఆయన. ఆయన గురించి మన పిల్లలకు చెప్పేటప్పుడు, 'గామాకు దారి చూపినవాడు' అనే ఆ ఒక్క మాటతో సరిపెట్టకండి. ఆ ఫవాయిద్ గురించి చెప్పండి.