పుల్లరి పోరాటం: పశువులున్న ఆసామి, పశువులు కాసిన పాలేరు

కన్నెగంటి హనుమంతు గురించి పాఠ్యపుస్తకాలు రాసేది రెండు వాక్యాలే. పలనాట పుల్లరి కట్టనన్నాడు. 1922 ఫిబ్రవరి 22న పోలీసు కాల్పుల్లో చనిపోయాడు. ఆ మనిషి ఎవరు, పుల్లరి అంటే ఏమిటి, అది ఎవరెవరి నెత్తిన ఎట్లా పడింది అన్నది జాతీయోద్యమ చరిత్ర రాసినవాళ్ళకు పట్టలేదు. ఇవాళ ఆయన విగ్రహాలు పెడుతున్న కులసంఘాలకూ ఆ ప్రశ్నతో పని లేదు. మనకు ఉంది.

హనుమంతు దుర్గి ప్రాంతంలోని మించాలపాడు రైతు. తెలగ కులస్తుడు. భూమీ, గొడ్లూ ఉన్న ఆసామి. నల్లమల అంచున ఉండే ఆ ఊళ్ళలో వాన తక్కువ, నేల రాళ్ళనేల. పశువు లేనిదే సేద్యం లేదు, అడవి లేనిదే పశువు లేదు. 1882 మద్రాసు అటవీ చట్టం వచ్చాక తాతల నాటి నుంచి మేపుకుంటున్న అడవి రిజర్వు అయి కూర్చుంది. పుల్లరి కట్టి చీటీ తీసుకుంటేనే పశువు లోపలికి పోవాలి. చీటీ లేకపోతే బందెలదొడ్డికి తోలేస్తారు. విడిపించుకోవాలంటే అపరాధ రుసుము. గార్డుకు ముట్టజెప్పేది వేరే లెక్క.

1921లో సహాయ నిరాకరణ వచ్చింది. గుంటూరు జిల్లా అప్పటికే అట్టుడుకుతోంది. ఒక పక్క చీరాల-పేరాల, ఇంకో పక్క పెదనందిపాడు పన్నుల నిరాకరణ. పలనాడులో అది పుల్లరి రూపంలో లేచింది. జనం పుల్లరి ఎగ్గొట్టి పశువుల్ని అడవిలోకి తోలారు. హనుమంతు ముందు నిలబడ్డాడు. జిల్లా కలెక్టరు రూథర్‌ఫర్డ్. తర్వాత అల్లూరి సీతారామరాజును వేటాడటానికి మన్యానికి పోయింది ఈయనే.

ఇక్కడ తేదీలు జాగ్రత్తగా చూడాలి. చౌరీచౌరా తర్వాత కాంగ్రెసు వర్కింగ్ కమిటీ బార్డోలీలో ఉద్యమాన్ని ఆపేసింది 1922 ఫిబ్రవరి 12న. హనుమంతు చనిపోయింది దానికి పది రోజుల తర్వాత. పెద్దలు ఇంటికి పోయాక, తుపాకీ ముందు మిగిలింది అడవి అంచు ఊరు. ఆ బార్డోలీ తీర్మానంలోనే ఇంకో మాట ఉంది: జమీందార్లకు శిస్తు ఎగ్గొట్టడం కాంగ్రెసు తీర్మానాలకు విరుద్ధమని రైతులకు చెప్పాలని. జమీందారీల కింద నలిగిన మన ఉత్తరాంధ్రకు ఆ మాట ఎవరికోసమో తెలియనిది కాదు. మన వైపు అడవి సర్కారుది కాదు, జమీందారుది. అది కూడా తుపాకీదాకానే పోయింది. 1940 ఏప్రిల్ 1న మందస జమీందారీలో అడవి కలప కోసం లేచిన రైతుల మీద పోలీసులు కాల్పులు జరిపితే గున్నమ్మ చనిపోయింది.

సరే, మళ్ళీ పలనాటికి వద్దాం. పుల్లరి కట్టాల్సింది గొడ్ల యజమాని. అడవిలో గొడ్ల వెనక తిరిగింది ఎవరు? ఆసామి కాదు గదా. పాలేరు. మన గరివిడి, చీపురుపల్లి వైపు కంబారి అంటాం. ఏడాదికింత ధాన్యం అని కొలతకు కుదురుకుని, తెల్లారక ముందే గొడ్లు తోలుకుపోయే మాల, మాదిగ పిల్లలు ఏటి చేసేవారో మన పెద్దోళ్ళనడిగితే చెప్తారు. చీటీ లేని పశువు దొరికితే ఆసామికి జరిమానా. గార్డు చేతి కర్రకు ముందు దొరికేది మేపేవాడి వీపు. గరివిడిలో ఇవాళ పశువైద్య కళాశాల ఉంది, మంచిదే. కంబారి చరిత్ర మాత్రం ఏ కాలేజీలోనూ పాఠం కాదు.

ఇంకో సంగతి. ఆవుకూ ఎద్దుకూ డబ్బు కడితే దారి దొరికేది. మేకలు అడవిని పాడుచేస్తాయని చాలా రిజర్వుల్లోకి వాటిని అసలు రానివ్వలేదు. ఎద్దులు ఎవరింట ఉంటాయో, రెండు మేకలతో బతికేది ఎవరో విడమర్చి చెప్పక్కర్లేదు. తోలు ఊనడానికి మాదిగలకు కావలసిన తంగేడు చెక్క కూడా అటవీ శాఖ లెక్కల్లోకి ఎక్కింది. చెప్పూ, మోటబొక్కెనా ఆ చెక్కతోనే తయారవ్వాలి. నల్లమలనే ఇల్లు చేసుకున్న చెంచుల మాట సరేసరి. ఇన్ని రకాల నష్టాల్లో ‘పుల్లరి’ అన్న ఒక్కటే ఉద్యమం పేరయింది. అది గొడ్లున్నవాడి నష్టం.

ఉద్యమంలో వాడిన ఆయుధాన్ని కూడా చూడాలి. సర్కారు ఉద్యోగులకు చాకలి బట్టలు ఉతకలేదు, మంగలి గడ్డం గీయలేదు, ఊళ్ళో సరుకులు పుట్టలేదు. దీన్ని అహింసా ఆయుధమని మెచ్చుకున్నారు. తెల్లదొర నౌకర్ల మీద వాడినప్పుడు అది పోరాటమే, కాదనను. కానీ కట్టడి పెట్టే అధికారం ఊరి పెద్దకులాలది. పనులు మానుకోవాల్సింది సేవాకులాలు. అదే సాంఘిక బహిష్కరణ, అదే గుంటూరు జిల్లాలో, 1991లో చుండూరు దళితుల మీద పెట్టారు. ఆ తర్వాత ఆగస్టు 6న ఎనిమిది మందిని చంపారు. ఆయుధం ఒకటే. ఎవరి చేతిలో ఉంది, ఎవరి మీద దిగింది అన్నదే తేడా. ఇంత దగ్గరి చుట్టరికం మన చరిత్రకారులకు ఎందుకు కనబడలేదో వాళ్ళే చెప్పాలి.

ఇది హనుమంతును తక్కువ చెయ్యడానికి రాస్తున్నది కాదు. రాజీపడి బతకగలిగిన స్థోమత ఉన్న రైతు ఆయన. బతకలేదు. ఆయన ప్రాణానికి విలువ కట్టాలంటే ఆయన చుట్టూ ఉన్న మనుషుల్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఆ పని కొంతైనా చేసినవాడు అదే ఉద్యమంలో ఉన్నాడు. పలనాటి పుల్లరి వ్యవహారంలో జైలుకు పోయిన ఉన్నవ లక్ష్మీనారాయణ, ఆ జైల్లోనే ‘మాలపల్లి’ రాశాడు. గాంధీ మార్గపు పరిమితులు ఆ నవలకు ఉన్నాయి, ఒప్పుకోవాలి. అయినా జైల్లో కూర్చున్న ఆ బ్రాహ్మణ రచయిత గొడ్లున్న ఆసామిని నాయకుడిగా పెట్టలేదు. మాలవాడ మీదికి చూపు తిప్పాడు. కూలి కోసం పాలేళ్ళను కూడగట్టిన సంగదాసు అందులో ఆసామి చౌదరయ్య కొట్టిన దెబ్బకు చనిపోతాడు. హనుమంతు మీద తుపాకీ పేల్చిన మద్రాసు సర్కారే ఆ నవలనూ నిషేధించింది.