మన క్రాలర్ టైరులో గాలి ఎందుకు లేదు?

ఈ ఎపిసోడ్‌లో చెప్పుకునేది చరిత్రే, కానీ మొదలుపెట్టేది మాత్రం ఒక స్పాంజి ముక్కతో.

ఆర్‌సీ రాక్ క్రాలర్ మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. రిమోట్‌తో నడుస్తుంది, నిజం జీపులో పదోవంతు సైజు ఉంటుంది. వేగం ఏమీ ఉండదు. బండరాళ్ల మీద పాకుతూ ఎక్కడమే దాని పని. దాని టైరుని బొటనవేలితో నొక్కి చూడండి. మెత్తగా లోపలికి పోతుంది, వదిలితే మళ్లీ లేస్తుంది. లోపల గాలి కొట్టి ఉందేమో అనిపిస్తుంది. లేదు. పైగా రిమ్ముకి కావాలనే చిన్న రంధ్రాలు పెడతారు, నొక్కగానే లోపలి గాలి బయటికి పోవడానికి. ఆ టైరుని నిలబెట్టేది లోపల ఉన్న ఫోమ్ మాత్రమే.

సైకిల్ నుంచి విమానం దాకా అన్నీ గాలి మీద నడుస్తుంటే దీనికొక్కదానికి గాలి ఎందుకు వద్దు? దీనికి జవాబు దొరికితే ఏ టైరు కొనాలి, ఏ ఫోమ్ వెయ్యాలి అన్నది సగం తేలిపోతుంది. జవాబు కోసం 1845కి వెళ్దాం.

ఆ సంవత్సరం డిసెంబరులో రాబర్ట్ విలియం థామ్సన్ అనే స్కాట్లండ్ ఇంజనీరు గాలి టైరుకి పేటెంట్ తీసుకున్నాడు. వయసు 23. మనలో చాలామంది ఆ వయసుకి మొదటి జీతం అందుకుంటుంటాం. రబ్బరు పూసిన గుడ్డతో ట్యూబు, దానిపైన తోలు తొడుగు. ఏరియల్ వీల్స్ అని పేరు పెట్టాడు. 1847లో లండన్ రీజెంట్స్ పార్కులో గుర్రబ్బళ్లకి కట్టి చూపించాడు. బండి చప్పుడు లేకుండా వెళ్లింది, గుర్రానికి లాగడం తేలికైంది. అన్నీ బాగానే ఉన్నాయి, కొనేవాడే లేడు. రబ్బరు ఖరీదైన సరుకు. మోటారు కారు ఇంకా పుట్టలేదు, సైకిల్ అంటే ఇప్పుడు మనకి తెలిసింది కూడా రాలేదు. సమస్య రాకముందే పరిష్కారం వచ్చేసిందన్నమాట. సాఫ్ట్‌వేర్‌లో పనిచేసినవాళ్లకి ఈ బాధ బాగా తెలుసు.

థామ్సన్ మాత్రం ఆగలేదు. 1867లో ఆవిరి బండి చక్రాలకి మందపాటి గట్టి రబ్బరు తొడిగాడు. ఈసారి గాలి లేదు, మొత్తం రబ్బరే. ఈ రోడ్ స్టీమర్లు మన దేశానికి కూడా వచ్చాయి. ఇక్కడి సైన్యంలో పనిచేసిన ఆర్.ఈ.బి. క్రాంప్టన్ అనే అధికారి 1870ల మొదట్లో వాటితో రవాణా నడిపే ప్రయత్నం చేశాడు. బళ్లకి చినాబ్, రావి అని మన నదుల పేర్లు పెట్టారు. ఆ క్రాంప్టనే తర్వాత ఇంగ్లండ్‌లో కరెంటు సామాన్ల కంపెనీ పెట్టాడు. మీ ఇంట్లో తిరిగే క్రాంప్టన్ ఫ్యాను పేరు అక్కడిదే.

థామ్సన్ 1873లో చనిపోయాడు. పదిహేనేళ్ల తర్వాత, 1888లో, బెల్‌ఫాస్ట్‌లో జాన్ బాయ్డ్ డన్‌లప్ గాలి టైరుని మళ్లీ కనిపెట్టాడు. ఈయన ఇంజనీరు కాదు, పశువుల డాక్టరు. కొడుకు మూడు చక్రాల సైకిల్ రాళ్ల రోడ్డు మీద ఎగిరెగిరి పడుతుంటే గాలి ట్యూబు చుట్టి ఇచ్చాడు. 1889లో విల్లీ హ్యూమ్ అనే కుర్రాడు ఆ టైర్లతో బెల్‌ఫాస్ట్ సైకిల్ పందేలు గెలిచేసరికి గట్టి రబ్బరు టైర్లకి కాలం చెల్లింది. థామ్సన్ పాత పేటెంట్ ఒకటుందని బయటపడి డన్‌లప్ పేటెంట్ చెల్లకుండా పోయింది. అయినా పేరు మాత్రం డన్‌లప్‌కే మిగిలింది.

ఇక్కడ మన క్రాలర్‌కి నేరుగా సంబంధం ఉన్న ఒక గొడవ ఉంది. డన్‌లప్ టైరుని రిమ్ముకి జిగురుతో అంటించేవారు. పంచరైతే జిగురు ఊడదీసి, అతికించి, మళ్లీ ఆరబెట్టాలి. గంటల పని. 1891లో ఫ్రాన్స్‌లో మిషెలిన్ అన్నదమ్ములు జిగురు లేకుండా మరలతో బిగించే, విప్పుకునే టైరు తెచ్చారు. అదే ఏడాది పారిస్ నుంచి బ్రెస్ట్ వెళ్లి తిరిగొచ్చే దాదాపు 1200 కిలోమీటర్ల పందెంలో షార్ల్ తెరోఁ వాటితోనే గెలిచాడు. ఇప్పుడు ఆర్‌సీ చక్రాలు చూడండి. చవక చక్రాలకి టైరు జిగురుతో అంటించి వస్తుంది. బీడ్‌లాక్ చక్రాలకి ఒక రింగు, చుట్టూ చిన్న స్క్రూలు ఉంటాయి. విప్పితే టైరు బయటికొస్తుంది, లోపలి ఫోమ్ మార్చుకోవచ్చు. 1891లో తేలిపోయిన గొడవే ఇది. అందుకే నన్నడిగితే మొదట బీడ్‌లాక్ కొనండి, ఖరీదైన టైర్లు తర్వాత. జిగురు టైరులో ఏ ఫోమ్ ఉంటే అదే మీ తలరాత.

సరే, గాలి గెలిచింది. దాని ఖరీదు ఎవరు కట్టారు?

1888 తర్వాత సైకిళ్లకి, ఆ వెంటనే కార్లకి రబ్బరు కావాల్సి వచ్చింది. అప్పటికి తోటల్లేవు. అడవి రబ్బరే దిక్కు. మధ్య ఆఫ్రికాలో కాంగో అనే విశాలమైన దేశాన్ని 1885 నుంచి 1908 దాకా బెల్జియం రాజు రెండో లియోపోల్డ్ తన సొంత ఆస్తిలా ఏలాడు. అప్పుల్లో ఉన్న ఆ పాలనని నిలబెట్టింది రబ్బరు గిరాకీయే. ఒక్కో ఊరూ ఇంత రబ్బరు తేవాలని లెక్క పెట్టారు. తేకపోతే ఆడవాళ్లని బందీలుగా పట్టుకెళ్లారు. ఊళ్లు కాల్చారు. తూటాలు వృథా చెయ్యలేదని అధికారులకి చూపించడానికి సైనికులు మనుషుల చేతులు నరికి తెచ్చేవారు. 1904లో అలిస్ సీలీ హారిస్ తీసిన ఒక ఫోటోలో ఒక తండ్రి తన చిన్న కూతురిదైన తెగిన చెయ్యి, పాదం ముందు కూర్చుని ఉంటాడు. ఆ ఫోటోలు, అదే ఏడాది వచ్చిన రోజర్ కేస్‌మెంట్ నివేదిక ప్రపంచాన్ని కదిలించాయి. చివరికి 1908లో కాంగోని రాజు చేతిలోంచి తీసుకున్నారు.

ఇది టైరు కథలో పక్కదారి కాదు. యూరప్ రోడ్ల మీద కుదుపు తగ్గించిన గాలిని పట్టి ఉంచింది ఆ రబ్బరే.

అడవి రబ్బరుకి పోటీగా తోటలు పెరగడానికి టైము పట్టింది. 1876లో హెన్రీ విక్‌హామ్ బ్రెజిల్ నుంచి దాదాపు 70,000 విత్తనాలు లండన్ క్యూ గార్డెన్స్‌కి చేర్చాడు. మొలిచినవి మూడు వేలలోపే. వాటి పిల్లలే సిలోన్‌కి, మలయాకి వెళ్లాయి. మన దేశంలో 1902లో కేరళలో పెరియార్ ఒడ్డున తట్టేక్కాడ్‌లో మొదటి వాణిజ్య రబ్బరు తోట వేశారు.

ఇప్పుడు ఫోమ్ దగ్గరికి వద్దాం. గాలి టైరుతో పేరు తెచ్చుకున్న డన్‌లప్ కంపెనీలోనే, 1929లో, బర్మింగ్‌హామ్‌లో ఇ.ఎ. మర్ఫీ అనే శాస్త్రవేత్త రబ్బరు పాలని నురగ వచ్చేలా గిలక్కొట్టి, గడ్డకట్టించి, వేడి చేశాడు. వేలకొద్దీ చిన్న గదులున్న మెత్తటి రబ్బరు తయారైంది. డన్‌లపిల్లో పరుపులు అక్కడి నుంచే వచ్చాయి. 1937లో జర్మనీలో ఒట్టో బేయర్ బృందం పాలీయురేథేన్ తయారుచేసింది. మన సోఫాల్లోనూ, క్రాలర్ టైర్లలోనూ ఉండే మెత్తటి ఫోమ్ ఎక్కువగా ఆ కుటుంబమే. అంటే గాలిని ఒకే పెద్ద గదిలో పెడితే ట్యూబు, వేల గదుల్లో పంచితే ఫోమ్.

మరి క్రాలర్‌కి రెండోదే ఎందుకు? నిజం జీపులవాళ్లు రాళ్లెక్కేటప్పుడు ఏం చేస్తారో చూద్దాం. కాలిఫోర్నియాలో రూబికాన్ ట్రయిల్ అని ఒక దారి ఉంది. 1953 నుంచి అక్కడ జీపుల యాత్ర జరుగుతోంది. ఇలాంటి దారిలోకి దిగేముందు టైర్లలో గాలి తీసేస్తారు. పెట్రోల్ బంకులో మనం కొట్టించేది 30 పీఎస్‌ఐ పైన, వాళ్లు ఉంచుకునేది సుమారు 12. అప్పుడు టైరు రాయిని చుట్టుకుని పట్టుకుంటుంది.

దీన్ని పదోవంతుకి తగ్గించి లెక్కేద్దాం. పొడవు పదోవంతైతే నేలని తాకే వైశాల్యం వందోవంతు, బరువు వెయ్యోవంతు. 2000 కిలోల జీపు 2 కిలోల క్రాలర్ అవుతుంది. బరువుని వైశాల్యంతో భాగిస్తే ఒత్తిడి పదోవంతు. అంటే 12 కాదు, 1.2 పీఎస్‌ఐ చాలు.

ఇంత తక్కువ గాలిని నిలకడగా ఉంచడమే కష్టం. 25 డిగ్రీల గదిలో 1.2 పీఎస్‌ఐ పెట్టి, ఎండకి కాగిన రాయి మీద టైరు 45 డిగ్రీలకి చేరిందనుకోండి. చుట్టూ ఉన్న వాతావరణ ఒత్తిడి 14.7 కూడా కలుపుకుంటే మొత్తం 15.9. ఇరవై డిగ్రీల వేడికి అది దాదాపు 7 శాతం, అంటే సుమారు 1.1 పీఎస్‌ఐ పెరుగుతుంది. పెట్టిన 1.2 కాస్తా 2.3 దగ్గరికి, రెట్టింపుకి చేరుతుంది. అదే వేడికి నిజం జీపులో 12 కాస్తా 14 లోపే ఉంటుంది. బుల్లి టైరులో గాలి మాట మీద నిలబడదు. ఫోమ్ నిలబడుతుంది. అందుకే రంధ్రాలు పెట్టి గాలిని పంపించేశారు.

ఈ హాబీ పెరిగిన తీరు కూడా ఇదే చెబుతుంది. 1987లో జపాన్ కంపెనీ తమియా, క్లాడ్ బస్టర్ అనే పెద్ద చక్రాల బొమ్మ ట్రక్కు తెచ్చింది. ఒక్కో ఇరుసుకి ఒక మోటారు, నాలుగు చక్రాలూ తిరుగుతాయి. అమెరికా కుర్రాళ్లు ఆ ఇరుసులు పీకి సొంత ఫ్రేములకి బిగించి రాళ్లెక్కించారు. 2009లో యాక్సియల్ ఎస్‌సీఎక్స్10, 2017లో ట్రాక్సస్ టీఆర్‌ఎక్స్-4 వచ్చేసరికి పెట్టె విప్పగానే క్రాలర్ సిద్ధం. కానీ ఫోమ్ మార్చుకోవడం ఇంకా మన చేతి పనే.

ఎలా ఎంచుకోవాలి? మొదట బండి బరువు చూడండి. తేలిక బండికి గట్టి ఫోమ్ వేస్తే టైరు రాయిని చుట్టుకోదు, అంచు మీద జారుతుంది. బరువైన బండికి మరీ మెత్తది వేస్తే ఏటవాలులో కిందివైపు టైరు మడతపడి బండి పల్టీ కొడుతుంది. ముందు వైపు బరువు ఎక్కువ పెట్టుకుంటాం కాబట్టి ముందు, వెనక ఒకే ఫోమ్ ఉండాలని రూలేం లేదు. రెండు పొరల ఫోమ్‌లో లోపలి పొర గట్టిగా ఉండి బండిని మోస్తుంది, బయటి పొర మెత్తగా ఉండి రాయిని పట్టుకుంటుంది. డబ్బులు తక్కువుంటే బండితో వచ్చిన ఫోమ్ బయటి అంచుకి కత్తెరతో గాట్లు పెట్టి చూడండి. మెత్తబడుతుంది. ఒక్కో గాటు పెట్టి నడిపి చూడండి, ఎందుకంటే కోసింది మళ్లీ అతకదు. మెత్తటి ఫోమ్ నీళ్లు పీలుస్తుంది, వాగు దాటాక ఆరబెట్టడం మర్చిపోవద్దు.

టైరు రబ్బరు విషయానికొస్తే, మెత్తటి రబ్బరు రాయిని బాగా పడుతుంది, కానీ సిమెంటు రోడ్డు మీద తొందరగా అరిగిపోతుంది. రాయి మీదే నడిపేవాళ్లకి మెత్తది, వీధిలో కూడా తిప్పేవాళ్లకి కాస్త గట్టిది. కొత్త టైర్ల సెట్టుకి డబ్బు పోసేముందు ఉన్న టైరులోనే ఫోమ్ మార్చి ఒకసారి ఎక్కించి చూడండి. చాలాసార్లు అదే సరిపోతుంది. పడేసే రబ్బరు కూడా తగ్గుతుంది, ఆ రబ్బరు వెనక చరిత్ర ఇప్పుడు మీకు తెలుసు కదా.

కాంగో కథ ఈ ఎపిసోడ్‌లో తొందరగా దాటేశాను, దానికి ఇంత తక్కువ టైము న్యాయం కాదు. వచ్చే ఎపిసోడ్ మొత్తం దానికే. కలుద్దాం.